ఎడమ పక్క సీసా

ఆ ఫోను వచ్చినప్పుడు నేను నందిగామ బస్టాండులో జగ్గయ్యపేట బస్సు కోసం నిలబడి ఉన్నాను. మధ్యాహ్నం మూడు దాటింది. ఫోను చేసింది మా మేడం. నగరంలో ఉన్న ప్రయోగశాల ఆవిడది. నేను ఆవిడ కింద పనిచేసేదాన్ని.

"పోయిన నెల చందర్లపాడు వైపు నుంచి వచ్చిన విడతలో కంట్రోల్ సీసా ఎవరిదమ్మా? రిజిస్టర్లో పేరు లేదు," అన్నారు.

"నాదేనండి."

 "కూర్చోడానికి చోటుందా అక్కడ?" అని అడిగారు.

చోటుంది. నేను కూర్చోలేదు. పదిమందిలో కూలబడటం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. నిలబడే విన్నాను. ఆ సీసాలో ఉన్న నా కణాలు బాగాలేవట. క్యాన్సర్ అని ఇప్పుడే అనలేరట, కానీ ఆ దారిలోనే ఉన్నాయట. ఆలస్యం చెయ్యకుండా బయాప్సీ చేయించుకోవాలట. "సరేనండి" అని ఫోను బ్యాగులో పెట్టుకున్నాను. బస్సు వచ్చింది, ఎక్కాను, కిటికీ పక్కన చోటు దొరికింది. మునగచర్ల దాటాక కండక్టరు రెండోసారి అడిగితే గాని టికెట్ తీసుకోలేదు.

మా పని ఏమిటో చెప్పాలి. నందిగామలో ఒక ఆస్పత్రి వెనక, జనరేటర్ షెడ్డు పక్కన, మాకు ఒక గది ఉండేది. అందులో పెద్ద ఫ్రీజరు, రెండు బల్లలు, ఒక బీరువా. ఊళ్ళు తిరిగి, ఒప్పుకున్న ఆడవాళ్ళ గర్భసంచి మూతి నుంచి మెత్తటి బ్రష్‌తో కణాలు తీయించి, చిన్న ప్లాస్టిక్ సీసాల్లో తెచ్చి, ఆ ఫ్రీజరులో దాచి, వారానికోసారి నగరానికి పంపేదాన్ని. వాళ్ళ ఆడపిల్లల్లో గర్భసంచి మూతి క్యాన్సర్ రాకుండా టీకా వేయించుకున్నవాళ్ళుంటే వాళ్ళ రక్తం కూడా పంపేవాళ్ళం. కూతుళ్ళ రక్తంలో టీకా ఇచ్చిన రక్షణ ఎన్నాళ్ళు నిలుస్తుందో చూడటం ఒక పని. తల్లుల కణాలు ఒకదానికొకటి ఎలా కబురు పంపుకుంటాయో చూడటం రెండో పని.

కణాలు కబురు పంపుకోవడం నా సొంత మాట కాదు, మేడం చెప్పినది. వైరస్ చేరిన కణం చుట్టుపక్కల వాటికి ఆ సంగతి చెబుతుంది. చెబితే ఒంట్లోని కాపలా కణాలు పరుగెత్తుకొచ్చి దాన్ని తుడిచిపెడతాయి. కానీ ఈ వైరస్ గడుసుది. చేరిన కణం నోరు నొక్కేస్తుంది. ఏళ్ళ తరబడి లోపల మార్పు జరుగుతున్నా పక్కదానికి తెలియదు. నేను ప్రతి ఊళ్ళోనూ ఆడవాళ్ళకు ఇలాగే చెప్పేదాన్ని, వాళ్ళు తలలూపేవాళ్ళు.

మాది జగ్గయ్యపేట, అందరూ పేట అంటారు. పాతవాళ్ళకు మా ఇంటిపేరు చెబితే ఇంకేం చెప్పక్కర్లేదు. తాత కాలంలో పాలేటి గట్టు దాకా పొలాలు, ఒక పత్తి జిన్నింగు మిల్లు, మేడ. నాన్న కాలానికి మిగిలింది కోర్టు కాగితాలు. ఇప్పుడు మేడ ముందు భాగంలో సెల్‌ఫోన్ల దుకాణం, పైన ట్యూషన్ సెంటరు, వెనక మూడు గదుల్లో నేనూ, మా మేనత్తా అద్దెకు. ఎవరైనా జాలిపడతారని ఇది రాయడం లేదు. జాలిపడేవాళ్ళను మా వాళ్ళు గుమ్మం లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. అడిగినదానికి తెలియదు అని అనకూడదు. ఏ గొడ్డును ఏ చేలోకి తోలాలని పాలేరు అడిగినా, ఏ పత్తి బేలు ఏ వ్యాపారికని గుమాస్తా అడిగినా తాత ఆ క్షణంలోనే ఏదో ఒకటి చెప్పేసేవారట. అది తప్పయితే ఆ తప్పునే సాగించేవారట. మిల్లు అలాగే పోయిందని నాన్న నవ్వుతూ చెప్పేవారు. నవ్వేవారే గాని ఆయనా అంతే.

అంతకు ముందు నెల చందర్లపాడు పక్క ఊళ్ళో ఆ రోజు ఏం జరిగిందో బస్సులో ఒకసారి మొదటినుంచి తలుచుకున్నాను.

చర్చి పక్కనున్న హాల్లో క్యాంపు పెట్టాం. మిరప కోతల రోజులు. పొద్దున ఇద్దరో ముగ్గురో వచ్చారు. ఎండెక్కాక కోత ముగించుకుని ఒకామె తన కూతురితో వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. చేతివేళ్ళకు మిరప ఘాటు ఇంకా ఉంది, ముఖం తుడుచుకోబోయి ఆగి, మోచేత్తో తుడుచుకుంది. ఏమైనా ఇబ్బంది ఉందా అని అడిగితే, "ఏముందండి, వంగి కోసేటప్పుడు అప్పుడప్పుడు కాస్త ఎరుపు కనబడుద్ది. వేడి చేసి ఉంటదిలే," అంది.

చీరలు కట్టి చేసిన తెర వెనక మా నర్సు సిస్టర్ ఆమె దగ్గర కణాలు తీసింది. బల్ల మీది మనిషి దిగేలోపే సీసాకు అంకె స్టిక్కరు అంటించాలన్నది మా నియమం. అంటించేది నేను. ఆ క్షణంలోనే సిస్టర్ తెర పక్కకు జరిపి నన్ను పిలిచింది. ప్రతి విడతలోనూ పోల్చి చూడటానికి ఆరోగ్యంగా ఉన్న ఒక మనిషి కణాలు ఉండాలి. దాన్ని కంట్రోల్ అంటాం. ఎప్పుడూ సిస్టరే ఇచ్చేది. ఆమెకు అప్పుడు నాలుగో నెల.

"ఈసారి మీరే మేడం. నాకు కుదరదుగా."

"వచ్చే వారం చూద్దాం."

"వచ్చే వారం ఎవరిస్తారు, మన డ్రైవరా? రండి, బయట ఇంకెవరూ లేరు."

ఎక్కాను. అర నిమిషం పని. దిగి చీర సర్దుకుని తెర పక్కకు లాగేసరికి ఆ మిరప కోతల ఆమె ఎదురుగా నిలబడి ఉంది. కూతురు రక్తం ఇవ్వడానికి కుర్చీలో కూర్చుంటే పక్కన నిలబడిందట.

"అయ్యో, మీరూ ఎక్కారా అండీ!" అంది. తర్వాత నా ముఖంలోకి కళ్ళు చికిలించి చూసి, "పేట మేడ వాళ్ళ అమ్మాయి గారు కాదూ? మా అమ్మ మీ కల్లంలో మిరగాయలు ఏరేది. మీ నాయనమ్మ గారి ముక్కే మీది," అంది.

నా చెవులు వేడెక్కిపోయాయి. మా నాయనమ్మ ముక్కు గురించి, నేను అప్పుడే దిగిన ఆ బల్ల ముందు, ఆమె మాట్లాడుతోంది. నవ్వాననుకుంటాను.

సిస్టర్ వెనకనుంచి, "పాపకి రక్తం తీయడానికి చోటు చాలక స్టాండు ఇటు పెట్టా. రెండు సీసాలకీ స్టిక్కరు లేదు. ఏది మీది మేడం?" అంది.

నేను చూడలేదు. నా సీసా సిస్టర్ ఎటు పెట్టిందో, స్టాండు తిప్పిందో లేదో నాకు తెలియదు.

"ఎడమది," అన్నాను.

రెండు స్టిక్కర్లు అంటించాను. రిజిస్టర్లో నా అంకె ఎదురుగా పేరు రాయలేదు. ఆస్పత్రి గుమాస్తా దగ్గర్నుంచి ఆశా కార్యకర్త దాకా అందరూ తిరగేసే పుస్తకంలో మా ఇంటిపేరు ఎందుకని.

ఇద్దరి దగ్గరా మళ్ళీ తీస్తే ఆ రోజే తేలిపోయేది. రెండు నిమిషాల పని. అందుకు ఒక్క మాట అనాల్సి వచ్చేది.

బస్సులో ఇవన్నీ తలుచుకున్నాను గాని, ఆ సీసా నాది కాకపోవచ్చన్న ఆలోచన దగ్గర నిలవలేదు. భయం అంతా నా మీదే. నా పొత్తికడుపులో ఏదో బరువుగా ఉన్నట్టు, ఎన్నాళ్ళుగానో ఉన్నట్టు అనిపించింది. పేటలో దిగి ఇంటికి వెళ్ళి మేనత్తను అడిగాను, "నాయనమ్మ దేంతో పోయింది?"

ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. "గుండె," అంది.

"నిజంగా?"

"ఇప్పుడెందుకే ఆ గోల?"

నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఆవిడ చేట పక్కన పెట్టింది. "ఆర్నెల్లు వెనక గదిలోనే ఉంది మా అమ్మ. బట్టలు మేమే ఉతికేవాళ్ళం, చాకలికి వెయ్యలేదు. పొద్దున్నా సాయంత్రం సాంబ్రాణి. వచ్చినవాళ్ళు, అబ్బ మీ ఇంట్లో ఎంత భక్తండీ అనేవాళ్ళు," అంది. చేట మళ్ళీ దగ్గరకు లాక్కుని, "వాసన తెలవకూడదని వేసేవాళ్ళం," అంది.

గర్భసంచి మూతి క్యాన్సర్ వైరస్ వల్ల వస్తుంది గాని వంశంలో దిగి రాదని నేను ఎన్ని ఊళ్ళలో చెప్పానో లెక్క లేదు. ఆ సాయంత్రం ఆ చదువు నాకు ఎందుకూ పనికిరాలేదు. స్నానాల గదిలో తలుపు వేసుకుని నా చీర కుచ్చెళ్ళు వాసన చూసుకున్నాను.

పరీక్షకు నందిగామ వెళ్ళలేదు, అక్కడ అందరూ తెలిసినవాళ్ళే. బెజవాడ వెళ్ళాను. మేనత్తకు ఆఫీసు పనని చెప్పాను. పరిటాల దగ్గర ఆంజనేయస్వామి విగ్రహం కిటికీలోకి వచ్చినప్పుడు బస్సులో సగం మంది చేతులు జోడించారు. నేను బస్సుల్లో చేతులు జోడించే మనిషిని కాను. పమిట కింద చేతులు దగ్గరకు చేర్చి పట్టుకున్నాను. ఎవరైనా చూస్తే చలేస్తోందనుకోవాలి, ఆ ఎండలో.

డాక్టరమ్మ లెన్సుతో చూసి చిన్న ముక్క తీసింది. ఫలితానికి వారం. ఆ వారంలో ఆకలి లేదు. ఎవరైనా "బాగున్నారా" అని అడిగితే ఆ మాట వెనక ఏముందోనని చూసేదాన్ని. వారం తర్వాత మళ్ళీ వెళ్ళాను. డాక్టరమ్మ కాగితం తిప్పి చూపించి, "ఏమీ లేదమ్మా. శుభ్రంగా ఉంది. ఇంత భయపడ్డావా?" అని నవ్వింది.

ఆవిడ గదిలో నుంచి నడవాలోకి వచ్చేదాకా, అంటే ఒక ఇరవై అడుగులు, నేను సంతోషంగా ఉన్నాను.

నడవాలో ఆగిపోయాను. ఆ సీసాలో కణాలు చెడ్డవి. అవి నావి కావు. ఆ రోజు స్టాండులో స్టిక్కరు లేకుండా ఉన్నవి రెండే సీసాలు.

అప్పుడు పట్టుకున్న భయం ముందటి దానిలా లేదు. మొదటిదానికి ఏడుపు వచ్చేది, దీనికి రాలేదు. ఎందుకంటే, అంతకు పది రోజుల ముందే నేను ఆ మిరప కోతల ఆమె ఇంటికి వెళ్ళి, అన్నీ బాగున్నాయని రాసి ఉన్న కాగితం నా చేత్తోనే ఇచ్చి వచ్చాను. ఆమె అంకెకు ప్రయోగశాల అలాగే పంపింది మరి. ఆమె కాగితం కళ్ళకు అద్దుకుని, "ప్రభువు చల్లగా చూశాడు. మరి ఆ ఎరుపో అండీ?" అని అడిగింది. "రిపోర్టు బాగుందిగా, భయపడకండి," అన్నాను. అప్పటికి మేడం ఫోను వచ్చి మూడు రోజులయింది.

మేడంకు ఫోను చేసి నాకు ఏమీ లేదని చెప్పాను. ఆవిడ ఎంతో సంతోషించారు. "ఒక్కోసారి శాంపిల్ తప్పు చూపిస్తుంది, పారేద్దాం దాన్ని," అన్నారు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, చెబుదామని నోరు తెరిచి, "థాంక్సండి," అన్నాను.

ఆ తర్వాత నాకు నేను చెప్పుకున్నవి చాలా ఉన్నాయి. శాంపిల్ నిజంగానే తప్పు చూపించి ఉండొచ్చు. ఇలాంటి మార్పులు కొందరిలో వాటంతట అవే తగ్గిపోతాయి. ఇది ఏళ్ళు పట్టే రోగం, నాలుగు రోజులకు ఏం కాదు. అన్నీ నిజాలే. ఈ చదువు లేనివాళ్ళకు ఇన్ని నిజాలు దొరకవు. రోజూ బస్సులో చందర్లపాడు వైపు తిరిగే రోడ్డు కనబడగానే తల దించి ఫోను చూసుకునేదాన్ని.

వీరులపాడు వైపు ఒక ఊళ్ళో క్యాంపు జరిగింది. ఎప్పటిలాగే నిలబడి కణాల కబుర్ల గురించి చెబుతున్నాను. వైరస్ చేరిన కణం నోరు మూసుకుంటుంది, పక్కదానికి చెప్పదు, అన్నాను.

ముందు వరసలో ఒకామె, "మా ఆయన లాంటిదన్నమాట. జీతం పడ్డ రోజు అచ్చం అంతే!" అంది.

అందరూ విరగబడి నవ్వారు. సిస్టర్ కడుపు పట్టుకుని నవ్వింది. నేను తర్వాతి మాట చెప్పాలి. ఏళ్ళుగా చెబుతున్న మాటే. అది చెప్పకుండా బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. వాళ్ళు నవ్వడం ఆపి నా వంక చూస్తున్నారు. సిస్టర్ వచ్చి మంచినీళ్ళ సీసా ఇచ్చి, "ఎండకి కళ్ళు తిరిగాయా మేడం?" అంది.

"కాదు," అన్నాను. మిగతాది చూసుకోమని సిస్టర్‌కు చెప్పి ఆటో ఎక్కాను.

ఆ మిరప కోతల ఆమె ఇంటి ముందు పట్టా పరిచి, ఎండుమిరపకాయల్లో తాలుకాయలు వేరు చేస్తోంది. నన్ను చూసి లేచి, కుర్చీ కొంగుతో తుడిచి వేసింది.

"రండి అమ్మాయి గారూ. ఫోను చేస్తే పాపని రోడ్డు మీదికి పంపేదాన్నిగా."

కూర్చోలేదు. నిలబడే చెప్పాను. దారిలో పేర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "ఆ రోజు ఏ సీసా ఎవరిదో నాకు తెలియదు. తెలియకుండానే ఎడమది నాదన్నాను. ఒకదాంట్లో కణాలు బాగాలేవు. అది నాదనుకుని నేను పరీక్ష చేయించుకున్నాను. నాకు లేదు."

ఆమె చేతిలో మిరపకాయ అలాగే ఉంది. "మీకు లేదు."

"లేదు."

"మరింక మిగిలింది నేనేగా."

 ఆమె కాయను తాలులో వేసి, మళ్ళీ తీసి మంచివాటిలో వేసింది.

"పాపకి వేసారుగా ఆ సూది. నాకూ వేస్తే పోద్దా?"

"పోదు. అది వైరస్ రాకముందు కాపాడుతుంది. వచ్చినదాన్ని తీయలేదు."

"పాపకి ఫరవాలేదు కదా?"

"ఫరవాలేదు. రక్తంలో రక్షణ బాగుంది. అది మాత్రం తప్పు కాదు, పాప సీసాకి స్టిక్కరు అప్పుడే అంటించారు, సిస్టర్ అంటించింది."

"సిస్టర్ అంటించింది," అని ఆమె తనలో తాను అనుకున్నట్టు అంది. తర్వాత లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. "పదండి," అంది.

"ఈ రోజు డాక్టరమ్మ ఉండరు. రేపు పొద్దున."

"రేపా?" అంది. గుమ్మం మీద కూర్చుండిపోయింది. అప్పటికి గాని ఆమె ముఖంలోకి భయం రాలేదు. నేను దాన్ని వెంటనే గుర్తుపట్టాను.

ఆ సాయంత్రమే మేడంకు అంతా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "ఆ రోజు పంపిన సీసాలన్నీ పక్కన పెడతాను. ఆ ఊరి ఆడవాళ్ళందరికీ మళ్ళీ చెయ్యాలి. నువ్వింక శాంపిళ్ళు ముట్టుకోవద్దు," అన్నారు. న్యాయమే. ఇప్పుడు కంప్యూటర్లో వివరాలు ఎక్కిస్తున్నాను. బల్ల అదే, గది అదే.

బెజవాడలో అదే డాక్టరమ్మ, అదే లెన్సు. ఈసారి ఆవిడ నవ్వలేదు. ఫలితం వచ్చింది. ఇంకా క్యాన్సర్ కాలేదు, దాని గుమ్మంలో ఉంది. కరెంటు తీగతో ఆ కాస్త భాగం కోసి తీసేశారు. తీసిన ముక్కను పరీక్షించి అంచుల్లో చెడు కణాలు లేవన్నారు. గర్భసంచి తీయక్కర్లేదు, ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకుంటే చాలన్నారు. ప్రతిసారీ నేను వెంట వెళ్ళాను. కాగితాల ఫైలు నేనే పట్టుకున్నాను. ఏ కాగితం ఎక్కడుందో నాకే తెలుసు మరి.

అంచులు శుభ్రంగా ఉన్నాయని చెప్పిన రోజు ఇద్దరం ఆస్పత్రి బయట బెంచీ మీద కూర్చున్నాం. ఆమె సీసాలో నీళ్ళు తాగి, మూత బిగిస్తూ అడిగింది.

"మీకు లేదని మీకు ఎప్పుడు తెలిసింది?"

తేదీ తప్పు చెప్పొచ్చు. ఆమె ఏ కాగితమూ అడగదు.

"మీ ఇంటికి వచ్చి చెప్పిన రోజుకి పదకొండు రోజుల ముందు," అన్నాను.

ఆమె రోడ్డు మీద పోయే బస్సులను చూస్తూ ఉంది. చాలా బస్సులు పోయాయి.

"ఆ పదకొండు రోజులూ నేను కోతలకి పోయా," అంది. "రోజూ ఎరుపే. బాగుందన్నారుగా అని గుడ్డ పెట్టుకుని పోయా." తర్వాత నా వైపు తిరిగింది. "నీకు భయమేసిందా?"

నన్ను ఆమె నువ్వు అనడం అదే మొదలు. ఇంకెవరన్నా అయితే నేను ఊరుకునేదాన్ని కాదు.

"వేసింది," అన్నాను.

"ఆ రోజులన్నీ నాకు వెయ్యలా. నా రోగానికి నేను కదా భయపడాల్సింది. అదీ నువ్వే ఉంచుకున్నావు."

లేచి నిలబడి, చెయ్యి చాపింది.

"ఆ కాయితాలు ఇటివ్వు."

ఇచ్చాను. ఆమె ఫైలు తెరిచి, తనకు చదవడం రాని ఇంగ్లీషు కాగితాలను ఒక్కొక్కటిగా తిప్పి చూసి, లెక్క సరిపోయిందనిపించాక చంకలో పెట్టుకుంది. నందిగామ బస్సు వచ్చింది. ముందు తలుపు దగ్గర ఆమె ఎక్కింది. నేను వెనక తలుపు దగ్గర ఎక్కి, నందిగామ దాకా నిలబడే వచ్చాను.